చేయి తిరిగే దాకా

ఆచావో రేవులో మార్చి అంటే వానల మొదలు.
బడి గ్రంథాలయం ఉప్పుగాలికి ఎదురొడ్డి ఉంది,
కిటికీ రెక్క ఒకటి ఎంత నొక్కినా మూసుకోదు.
రెండొందల నలభై గంటల శిక్షణ అని కాగితం రాసిచ్చి
ఒసోర్నో కాలేజీ నన్ను పడవెక్కించింది.

సంఖ్యలన్నీ నాకు కంఠతా వచ్చు.
ఐదొందల తొంభై నాలుగు, నత్తగుల్లలు.
ఐదొందల యాభై ఒకటి, వానా గాలీ.
తడుముకోకుండా అప్పజెప్పాను.
ఒర్తెన్సియా బార్రియా గారు చివరిదాకా విన్నారు,
విని నా చేతికో పాతగుడ్డ ఇచ్చారు.
"ముందు బూజు."

మొదటి వారమంతా బూజే.
ఊడ్చిన చోట మర్నాటికి మళ్లీ పచ్చగా నవ్వేది.

తడిసిన పుస్తకాన్ని పొయ్యికి దగ్గరగా పెట్టకూడదు,
మరీ దూరంగానూ పెట్టకూడదు.
ఎంత దూరమో ఏ పాఠంలోనూ రాయలేదు.
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు
అరచెయ్యి అట్ట మీద ఆనించి చూడాలట.
నేను చూసినప్పుడల్లా అన్నీ ఒకేలా ఉండేవి.
రెండింటి అంచులు మాడ్చాను,
ఒకదాని వీపు విరిచాను.
ఆమె తిట్టలేదు, అదే కష్టంగా ఉండేది.

పిండి జిగురు మొదట ఉండలు కట్టింది.
రెండోసారి అడుగంటింది,
ఆ కమురు వాసనకి ఐదో తరగతి మొత్తం
ఏం వండుతున్నారని తలుపు దగ్గర మూగింది.
మూడోసారి కుదిరింది. ఎందుకు కుదిరిందో
ఇప్పటికీ చెప్పలేను.

చిన్న దీవుల పిల్లలు సోమవారం పడవలో వస్తారు,
శుక్రవారం పడవలో పోతారు.
లిబోరియో మిల్యాలోంకో తెచ్చిన పుస్తకం
బంగాళాదుంపల సంచిలో అడుగున ఉంది.
అట్ట మీద మట్టి, గడువు మీద పదకొండు రోజులు.
రసీదు పుస్తకం తీశాను.
ఆమె నా సొరుగు మూసేశారు.
"ఆలస్యం ఎంతో లెక్కపెట్టే ముందు
గాలి ఎటు వీచిందో అడుగు."
పదకొండు రోజులూ రేవు మూతబడే ఉందట.
వాడేమీ అనలేదు,
గోటితో అట్ట మీది మట్టి గీకుతూ నిలబడ్డాడు.

జూన్‌లో ఏరివేత.
చిరిగినవి, పాతబడినవి, ఎవరూ అడగనివి.
నా జాబితాలో పదిహేడోది
సముద్రంలో దారితప్పిన ఒక గుర్రం కథ.
చివరి పేజీ లేదు. కొట్టేశాను.

"వెలుగుకి పెట్టి చూడు" అన్నారామె.
పోయిన పేజీ చోట ఎవరో తెల్లకాగితం అంటించారు.
దాని మీద పెన్సిల్ చెరిపిన ఆనవాళ్లు,
ఒకదాని మీద ఒకటి, అలల మీద అలల్లా.
గుర్రం ఒడ్డు చేరిందని ఒక చేతిరాత.
ఒడ్డే గుర్రం దగ్గరికి వచ్చిందని ఇంకొకటి.
దాన్ని మా మామ కొన్నాడు, రోజూ తన్నుతుంది, అని
వంకర అక్షరాల్లో మరొకరు.
చెరిపి చెరిపి ఆ కాగితం
ఉల్లిపొరలా పలచబడి
నడిమధ్య చిల్లు పడింది.

"ఇది రెండోది. మొదటిది నేనే అంటించాను,
అప్పుడు నాకింత నెరుపు లేదు."

నేను మూడోది కత్తిరించాను.
జిగురు కలిపాను, ఉండ కట్టలేదు.
కుంచె అంచు నుంచి లోపలికి కాదు,
లోపలి నుంచి అంచుకి పోవాలని
వేళ్లే గుర్తుచేశాయి.
ఆమె పక్కన నిలబడి చూడలేదు,
టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయారు.

కాలేజీ ఫారంలో ఒక గడి:
ఏమి నేర్చుకున్నారు, నాలుగు వాక్యాలు మించరాదు.
వర్గీకరణ, ఇచ్చిపుచ్చుకోలు, మరమ్మతు అని రాశాను.
నాలుగో వాక్యం దగ్గర కలం ఆగిపోయింది.
వేలికి ఎండిన జిగురు పొర ఒలుస్తూ కూర్చున్నాను,
దాని మీద నా వేలిగీతలు దిగి ఉన్నాయి.

శుక్రవారంతో నా గంటలు అయిపోతాయి.
మధ్యాహ్నం పడవకి ముందు లిబోరియో వచ్చాడు.
"గుర్రం ఉందా?"
"ఇంకా ఆరలేదు. సోమవారం రా."
వాడు మూసుకోని ఆ కిటికీ వైపు
ఒక్క క్షణం చూశాడు.
"గాలిని బట్టి" అన్నాడు.