అద్దె లెన్సు

చంద్రపూర్‌లో రెండ్రోజులకు అద్దెకు తెచ్చాను.
చంటిపిల్లంత బరువు; మెడ కింద చెయ్యి వెయ్యాలి.
కొంటే లక్షా డెబ్బై వేలు.
మా సిరోంచ లెక్కలో
పదకొండు పెళ్ళిళ్ళు, లెక్క తెలియనన్ని ఆధార్ జిరాక్సులు.

ప్రాణహిత ఇసుకతిప్ప మీద
పాత లెన్సులో నలుసులా ఉండే ఉల్లంకి పిట్ట
కంటి చుట్టూ పసుపు వలయంతో సహా దిగింది.
అవతలి ఒడ్డున బస్సు బోర్డు కూడా చదివాను.
గొప్పదే, కాదనను.

"ఇదివరకు పడవెక్కేటోడివి" అన్నాడు దుర్గం బానయ్య,
నావైపు చూడకుండా గెడకంటిన బురద కడుగుతూ.
నిజమే.
దూరం అందక, మోచేతులు కాలుతుంటే
ఇసుకలో పాకి పాకి పడుకున్న ఒక మధ్యాహ్నం
పిట్టే నావైపు నడిచొచ్చింది.
ఆ ఫొటో కాస్త మసక.
స్టూడియో గోడకు ఇప్పటికీ అదే.

సాయంత్రం పెట్టెలో సర్దబోతూ
ఊరికే పడవ వైపు తిప్పాను.
బానయ్య కుడిచేతికి
చూపుడువేలు సగమే ఉంది.
ఎనిమిదేళ్ళు పక్కన కూర్చున్నాను,
ఆ చేతిలో బీడీకి నిప్పిచ్చాను.

లెన్సుకు మూతపెట్టి
పడవదాకా నడిచి వెళ్ళి
ఏమైందని అడిగాను.
"ఇప్పుడు కనబడ్డదా?" అని నవ్వాడు.

రాత్రి షాపువాడికి ఫోన్ చేశాను.
కొంటానని అనలేదు.
వాయిదాలెన్నని మాత్రం అడిగాను.