అరవై రూపాయల బిళ్ళ

గుణుపురంలో, స్టేషను దాటాక, నూనె మిల్లు సందులో
ఇడ్లీ పిండి అమ్మే కింతలి గున్నమ్మ
తలుపు తీసి, నా సంచీ కేసి కాదు, మొహం కేసి చూసింది.
మూడోసారి మరి.

"పైన రాయి బాబూ, కింద పులుపు.
నిన్న పద్దెనిమిది పేకెట్లు కాలవలో పోసీసినాను.
వంశధారక్కూడా ఈపాటికి వాసనొచ్చుంటాది."

మొదటిసారి గేసన్నాను.
వేడినీళ్ళతో మంచు కరిగించి
గేసు ఎక్కించినట్టే ఎక్కించి
పదహారు వందలు పుచ్చుకున్నాను.
పదకొండు రోజులు బుద్ధిగా పనిచేసింది.
మంచు కరిగిస్తే ఏ ఫ్రిజ్జయినా పదకొండు రోజులు బుద్ధిమంతురాలే.
రెండోసారి టైమరన్నాను. మార్చాను.
పాతది బాగానే ఉందని ఇంటికెళ్ళాక తెలిసింది.
దాన్ని ఇంకెవరింట్లోనో బిగించేశాను.

ఇవాళ ఏ జబ్బు పేరూ చెప్పకుండా కూర్చున్నాను.
ఫ్రీజరు వెనక పలక, నాలుగు స్క్రూలు.
లోపల కాయిల్ కనపడదు.
ప్రతి పండక్కీ గీకకుండా వేసిన సున్నంలా
మంచు మీద మంచు.
ఫేను రెక్క దానికి తగిలి
కిర్రు, కిర్రు,
నెల్లాళ్ళ నుంచీ చెబుతూనే ఉందట.
"ఎలకనుకున్నాను" అంది గున్నమ్మ.

వంటింట్లోంచి చాకు తెచ్చింది. "పొడిచీమంటావా?"
వద్దమ్మా.
మంచు కింద గొట్టం గుడ్డు పెంకులా పల్చన.
ఈ సందులోనే రెండు ఫ్రిజ్జులు చాకు పోటుకి పోయాయి.

టైమరు ముక్కుని స్క్రూడ్రైవరుతో తిప్పాను.
టక్.
కంప్రెసరు నోరు మూసుకుంది.
ఇప్పుడు హీటరు వెచ్చబడాలి,
లోపలెక్కడో చుయ్‌మనాలి.
అనలేదు.
మనవరాలు ఒడియా పుస్తకం మూసి
నా పక్కనే గొంతుక్కూచుంది.
"కొణ హేలా?"
ఏమీ అవలేదే పిల్లా, అదే జబ్బు.

ప్లగ్గు పీకి మీటరు పెట్టాను.
హీటరుకి ప్రాణం ఉంది. ఫ్యూజుకీ ఉంది.
మిగిలింది
కాయిల్ మెడకి క్లిప్పుతో వేలాడే బైమెటల్ బిళ్ళ.
చలేస్తే చేతులు కలపాలి,
వెచ్చబడితే వదిలెయ్యాలి.
దాని ఉద్యోగం అంతే.
పీకల్దాకా మంచులో కూర్చుని కూడా
చేతులు కలపడం మానేసింది.
ముల్లు కదల్లేదు.

రెండు వైర్లూ మెలిపెట్టి, టేపు చుట్టి,
మళ్ళీ ప్లగ్గు పెట్టాను.
మంచు వెనక ఎర్రగా ఒక గీత.
చాలాసేపటికి
ఒక చుక్క.

అలాగే వదిలేసి పోవచ్చు. పోయేవాళ్ళున్నారు.
ఏదో రాత్రి లోపలి ప్లాస్టిక్ కమురుతుంది, అప్పటికి మనం ఉండం.
టేపు విప్పేశాను.

బిళ్ళ ఈ ఊళ్ళో దొరకలేదు.
పర్లాకిమిడి బస్సు కండక్టరు
సాయంత్రం చొక్కా జేబులో వేసుకొచ్చాడు, చిల్లర నాణేలతో కలిపి.
"కేతే?" అంది గున్నమ్మ.
పిండి మాట తెలుగులో, డబ్బు మాట ఒడియాలో.
"అరవై."

ఆ అరవైని ఆవిడ కాసేపు చూసింది.
నేను నీళ్ళు పోయే కన్నంలో సైకిలు చువ్వ పెట్టి
తిప్పుతూ ఉన్నాను,
కావలసినదాని కంటే ఎక్కువసేపు.

రాత్రి రెండింటికి ఫోను.
"టక్కుమంది బాబూ. ఆగిపోనాది.
మళ్ళీ పాడైపోనాదేటి?"
లేదమ్మా. ఆగాలి. అరగంట ఆగాలి.
తలుపు తియ్యకు.

ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు.
ఫ్రిజ్జు వెనక్కి పట్టుకున్నట్టుంది.
చుయ్.
చుక్క. ట్రేలో ఇంకో చుక్క.
పదహారు వందల మాట ఆవిడ ఎత్తలేదు.
నేను ఎత్తుదామని నోరు తెరిచాను,
చుక్కలు దగ్గర దగ్గరగా పడుతున్నాయి,
వింటూ ఉండిపోయాను.