కొసరు

సెతూబల్ రేవు పక్కన, ఓడలు బాగుచేసేవాళ్ళ క్యాంటీన్లో
నేను గిన్నెలు తోముతాను.
ఇదలీనా వండుతుంది.
రోజుకి ఎన్నిసార్లు రుచి చూస్తుందో
ఆమెకి తెలియదు, నాకు తెలుసు.
సింకులోకి వచ్చే చెంచాలు అబద్ధమాడవు.

మార్చిలో నర్సు బెనెదీతా
నీలం అట్ట పుస్తకం ఒకటి ఆమె చేతిలో పెట్టింది.
నోట్లో పడ్డదల్లా రాయాలి,
పక్కన కేలరీలు వెయ్యాలి.
ఇదలీనా ఒద్దికగా రాసింది:
పొద్దున రొట్టె ఒకటి, పాలు కలిపిన కాఫీ.
మధ్యాహ్నం సూపు, చేప ముక్క, ఉడికిన బంగాళాదుంపలు రెండు.
రాత్రికి నారింజ.
చదివితే ఎవరో సన్యాసిని దినచర్య అనిపించేది.

మూడు వారాలైనా
తూకం ముల్లు పిసరంత కదల్లేదు.
"మిషను తుప్పు పట్టింది" అంది ఇదలీనా.
ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టనిదేముంది గనక.
నేనేమీ అనలేదు.
అప్పటికి నా చేతిలో పంతొమ్మిది చెంచాలు.

ఉప్పు సరిపోయిందా అని ఒకటి,
సరిపోయిందన్న నమ్మకం కుదరక ఇంకొకటి.
అడుగంటిన అన్నం గీరి కాస్త, పారేస్తే పాపమని.
చోరిజో చివరి ముక్క, వంకరగా తెగిందని.
కేకు అంచు, సమంగా కోశాక మిగిలింది కదా అని.
నిలబడి తిన్నది తిండి కాదు,
మాట్లాడుతూ మింగింది అసలే కాదు.
"ఇది నా పని" అనేది,
గరిటె నాకుతూ.

ఒక శుక్రవారం ఏమనుకుందో
ఖాళీ ఆలివ్ సీసా తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది.
నోటిదాకా వెళ్ళిన ప్రతిదాన్నీ
పెదవుల దగ్గర ఆపి
అందులో వేసింది.
ఒక్కోసారి చెయ్యి మరిచిపోయేది,
నోరు అప్పటికే తెరుచుకుని ఉండేది.

మూడింటికల్లా సీసా మూతిదాకా నిండింది.
సూపు, మెతుకులు, ఉప్పుచేప పోగులు, కేకు పొడి,
పైన తేలుతూ ఒక్క ఆలివ్ కాయ.
మాంసం తూచే కాటా మీద పెట్టింది:
ఆరువందల ఎనభై గ్రాములు.
ఫ్రిజ్ చప్పుడు అంత గట్టిగా ఉంటుందని
ఆ రోజే తెలిసింది.

ఇంకోటి కూడా తెలిసింది.
ఆనాటి సూపు సముద్రపు నీళ్ళు.
వెల్డర్ల బల్ల నుంచి పదకొండు గిన్నెలు
సగం సగం తాగి తిరిగొచ్చాయి.

సీసాని వెనక గోడ మీద బోర్లించాం.
సీగల్ పక్షులు లెక్కడక్కుండా తినేశాయి.
అక్కడే చేపల పెట్టె మీద కూచుని చెప్పింది
వాళ్ళ నాన్న సెరఫీం సంగతి.
సంతలో సార్డీన్లు అమ్మేవాడట.
కిలో తూచి, ముల్లు నిలిచాక,
పైన ఇంకో చేప విసిరేవాడట
ముల్లు వైపు చూడకుండా.
అడిగినవాడికీ కొసరే, అడగనివాడికీ కొసరే.
వాళ్ళమ్మ మాత్రం నెలాఖరుకి వేళ్ళు మడిచేది:
"నీ కొసర్లన్నీ కలిపితే రెండు బుట్టలు, సెరఫీం.
పిల్లకో జత చెప్పులు."
ఆ వేసవంతా ఇదలీనా పాత చెప్పులతోనే నడిచిందట.
సంతలో పొడుగాటి వరస మాత్రం
వాళ్ళ దుకాణం ముందేనట.

"ఎవరిది రైటు?" అనడిగాను.
చాలాసేపు మడమ వైపు చూసుకుంది.
"చెప్పు కరిచిన కాలికి అమ్మది" అంది,
"మిగతా ఒంటికి నాన్నది."

సోమవారం నుంచి
నీలం పుస్తకంలో, నారింజ కింద
ఇంకో వరస చేరింది: చెంచాలు.
సాయంత్రం ఏప్రన్ విప్పుతూ అడుగుతుంది,
"ఎన్ని?"
పద్నాలుగు, అంటాను.
నిన్న పదహారు. మొన్న పన్నెండు, కానీ మొన్న ఆమెకి జలుబు.
పెన్సిల్ తడి చేసుకుని రాసుకుంటుంది.
సూపు మళ్ళీ సూపులా ఉంది.
ముల్లు కూడా, బెనెదీతా చెప్పినంత కాదుగానీ,
కొంచెం కదిలింది.

నర్సుకి చెప్పకండి,
సింకులో ఎప్పుడూ నేను చెప్పినదానికన్నా
ఒక చెంచా ఎక్కువే ఉంటుంది.
అది ముల్లు నిలిచాక వేసింది.