అద్దెకిచ్చిన నోరు

ఇరవై డాలర్లకే పళ్ళు శుభ్రం చేస్తారు కాలేజీలో,
కాకపోతే మూడు గంటలు పడుతుంది.
నా దగ్గరున్నవి గంటలే.
నికెల్ గని నన్ను పింఛనిచ్చి పైకి పంపేశాక
మంగళవారాలు మరీ పొడుగైపోయాయి.

సోలాంజ్ బారెట్, రెండో సంవత్సరం.
మాస్కు పైన కళ్ళు మాత్రమే, వాటి నిండా పరీక్షలు.
"నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తండి, లెహ్తోలా గారూ."
ఎత్తను.
నొప్పికి చెయ్యెత్తడం మా షిఫ్టులో ఎవరూ నేర్చుకోలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
నా నోరు ముప్పై ఒక్కేళ్ళు రాతిదుమ్ము నమిలింది,
పొగాకు నమిలింది, మేస్త్రీల మీద తిట్లు నమిలింది.
ఊరు సంగతి ఊరునే అడగాలి.

చిన్న అద్దం నా ఊపిరికి మసకేసింది.
సన్నటి కొలకర్ర చిగుళ్ళ కిందికి దిగింది.
మేమూ ఇంతే,
ఇనప గడ్డపారతో గని కప్పుని తట్టి చూసేవాళ్ళం.
ఖంగుమంటే నమ్మేవాళ్ళం,
డొల్లగా పలికితే పరుగు.

"మూడు, రెండు, మూడు.
నాలుగు, మూడు, మూడు."
పక్క స్టూలు మీది పిల్ల రాసుకుంటోంది.

గోడకి అవతల ఇంకో లెక్క.
"ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై."
రెండు ఊపిర్లు.
"మనిషి మారండి!"
పారామెడిక్ పిల్లలు. వాళ్ళ గదిలో
సగానికి కోసిన అంబులెన్సు ఒకటుంది.
చక్రాల్లేవు, సైరను మాత్రం పనిచేస్తుంది.
నేల మీద గిల్బర్ట్, రబ్బరు మనిషి.
పొద్దుట్నించీ పదకొండుసార్లు చచ్చాడు,
ఆరుసార్లు లేచాడు.
"వాడి పళ్ళు చూశారా," అంటుంది సోలాంజ్,
"ఒక్కదానికీ గార లేదు, అసూయ నాకు."

గార గీకుతుంటే పుర్రె లోపల చలిగాలి మోత.
బయట మైనస్ ముప్పై ఎనిమిది.
విరామంలో వబానో అనే కుర్రాడు
నా జబ్బకి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు, రెండుసార్లు,
మొదటిసారి తన చెవిని నమ్మలేక.
వాళ్ళ ఊరికి రోడ్డు లేదట, చలికాలం గడ్డకట్టిన నదే దారి.
డాక్టరు విమానంలో వస్తాడు, మంచు ఒప్పుకుంటే.
"అందుకే," అన్నాడు. ఇంకేమీ అనలేదు.
నేనూ అడగలేదు.

అడిగితే నేనూ చెప్పాల్సి వచ్చేది.
నాలుగువేల అడుగుల లోతు, ఎనభై మూడు, నవంబరు.
ఐనో కూలబడ్డాడు, మధ్యాహ్నం రొట్టె చేతిలోనే.
లిఫ్టు రావడానికి పన్నెండు నిమిషాలు.
కాలరు వదులు చేశాం. అరచేతులు రుద్దాం.
పేరు పెట్టి పిలిచాం, ఐదుగురం, బలమైన మగవాళ్ళం,
ఒక్కొక్కడి చేతిలో కొండని పగలగొట్టే సత్తువ.
ఆ సత్తువని రొమ్ము మీద ఎక్కడ ఆనించాలో
ఎవరికీ తెలియదు.
ముప్పై దాకా లెక్క మాకు రాక కాదు.

మళ్ళీ కుర్చీలో వెల్లకిలా.
"మూడు, నాలుగు, ఐదు.
ఏడు."
లెక్క ఆగింది.
నాలుక కొసని గాజుగుడ్డతో పట్టుకుని పక్కకి తిప్పింది.
దీపం వంచింది. వేళ్ళ వణుకు లేదిప్పుడు,
అది చూసే భయమేసింది నాకు.
గురువు మార్యట్ గారిని పిలిచింది.
ఇద్దరూ నా నోట్లోకి వంగి
వాన వెలిసిన వాగుని చూసినట్టు చూశారు.

"చిన్న తెల్లమచ్చ. ఏమీ కాకపోవచ్చు.
డాక్టరుకి ఉత్తరం రాస్తాం."
ఏ కాగితంలోనో ఆ పిల్లకి మార్కు పడి ఉంటుంది.
నోటి నిండా దూది పెట్టుకుని
బాగా పట్టావు అని ఎలా చెప్పాలి?
ఎడమ చెయ్యి ఎత్తాను.
"నొప్పా?" కంగారు పడింది.
తల అడ్డంగా ఊపాను.

గోడ అవతల గిల్బర్ట్ మళ్ళీ పోయినట్టున్నాడు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
కుర్చీ చేతి మీద నా వేలు
వాళ్ళతో పాటే కొడుతోంది.

వచ్చే మంగళవారం కింది దవడ, కుడివైపు.
పొగాకు మానమంది. చూద్దాం.