ఇగురు

ఎర్రగుంట్ల బైపాసు పక్కన
బండల ఫ్యాక్టరీలో ఫొటోలు తీసే పని నాది.
పాలిషయిన నాపరాయి మీద మగ్గుతో నీళ్ళు కొట్టాలి,
తడి ఆరకముందే ఫోన్ వంచి తీయాలి.
తడిస్తేనే రాయికి రంగు.
ఆరితే అన్నీ ఒకటే బూడిద.
రాజ్‌కోట్ పార్టీకి, హుబ్లీ పార్టీకి
తడి బండలే పంపుతాం.
ఆరిన సంగతి
ఇంట్లో పరుచుకున్నాక వాళ్ళే చూసుకుంటారు.

ఆఫీసు రేకుల వెనక ఒక యాపమాను.
ఎవరు నాటిందో తెలీదు.
మా ఓనరు నాయన ఈ స్థలం కొన్ననాటికే
ఇద్దరు చేతులు చాస్తే గాని మొదలు అందేది కాదంట.
ఇప్పుడు దాన్ని చెట్టని గుర్తు చేసుకోవాలి.
మిషన్లు ఉమ్మే రాతిపిండి ఏళ్ళకేళ్ళు పడి
బెరడు పగుళ్ళలో గట్టిపడి
సగం మాను, సగం గోడ.
ఒక కొమ్మకు మోటారు వైరు,
ఇంకో కొమ్మకు ఓబులేసు క్యారేజీ సంచి.

ఈ యేడు చలి రాలేదు.
మార్గశిరం పోయింది, పుష్యం సగానికొచ్చింది,
దుప్పటి ఇంకా కాళ్ళ దగ్గరే పడుంటోంది.
వాచ్‌మన్ మఫ్లరుతో స్కూటరు తుడుచుకుంటున్నాడు.
మధ్యాహ్నం బండ మీద నీళ్ళు కొడితే
ఫోన్ జేబులోంచి తీసేలోపే ఆవిరి.

ఆ సోమవారం కరెంటు పోయి
మిషన్లన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
చేతులు కడుక్కుందామని వెనక్కి పోతే
తల ఎత్తున, కొమ్మ కొసన, ఏదో ఎర్రగా.
చీమలనుకున్నా.
దగ్గరికి పోతే
ఇగురు.
మోటారు వైండింగు రాగితీగ
కొస మెలిపెట్టి వదిలినట్టు, గోరంత.
ఉగాదికి ఇంకా రెండు నెలల పైమాటే.

ఫోన్ ఎత్తాను.
ఫోకస్ పోయి పోయి వెనక ప్రహరీ మీద కూర్చుంటుంది.
దానికి అలవాటు ఆరడుగుల బండలే.
అరచెయ్యి వెనక అడ్డం పెడితే
అప్పుడు దొరికింది:
నా చేతిగీతల ముందు
ఏడు ఎర్రటి ఆకులు, అంచులకు రంపపు పళ్ళు,
మా కటింగు మిషన్ కంటే ఎంతో సన్ననివి,
దేన్నీ కోయనివి.
ఒక ఆకు మీద అప్పుడే పిండి.

అలవాటు కొద్దీ మగ్గులో వేళ్ళు ముంచి చిలకరించాను.
తీశాను.
కాసేపటికి తడి ఆరింది.
రంగు అట్లే ఉంది.

"ఏందిమ్మే, ఆకుల్ని తీస్తాండావ్?"
బండలు తుడిచే దస్తగిరమ్మ.
చూసి, నోట్లో వక్క అటు నుంచి ఇటు మార్చి,
"ఏం తొందరొచ్చె దీనికి?
వెనక చలి తిరుక్కోని వస్తే మాడిపోదా?" అనింది.
కొంచెంసేపు ఏమీ అనలేదు.
"మా నడిపోడూ అంతే. ఏడో నెల్లోనే పడ్య.
దూదిలో చుట్టి గంపలో పెట్టుకుంటి,
ఉంటాడని మా అత్త కూడా అనల్యా.
ఇప్పుడు పద్నాలుగు చక్రాల లారీ తోల్తాండాడు."
పోతూ పోతూ వెనక్కి తిరిగి
"ముట్టగాకు దాన్ని."

సాయంత్రం రాజ్‌కోట్‌కు పదహారు ఫొటోలు పెట్టాను.
చూసుకోలేదు, మధ్యలో ఇదీ పోయింది.
రాత్రి తొమ్మిదికి జవాబు:
పదకొండో నంబరు రంగు బాగుంది,
రెండు లోడ్లు కావాలి, అడుగు ఎంత?

ఆ రాయి మా దగ్గర లేదని రాసి తుడిపేశాను.
అది రాయి కాదని రాసి
అదీ తుడిపేశాను.
చివరికి, సీజన్‌లోనే వస్తుంది సార్, అని పెట్టాను.

ఏ సీజన్? అన్నాడు.

పొద్దున అందరికంటే ముందొచ్చి
ఓబులేసు సంచి తగిలించే కొమ్మ చూశాను.
అక్కడ కూడా మూడు.
గోడకు ఒక మేకు కొట్టాను, సంచికి.
మిషన్లు మొదలయ్యాయి, పిండి లేచింది.
రాజ్‌కోట్‌కు ఇంకా జవాబు రాయలేదు.