కనుమ మీద ముస్తాదు

పొద్దుగాల ఆరింటికి కనుమ మీద
నా పని గాలిని చూసుడు.
కట్టె కొనకు ఒక నారింజ పీలిక ఆడుతుంటది,
రువీల పరంజి కట్టిన ఏండ్లల్ల
తొడుక్కున్న జాకెట్ చింపి కట్టింది.
దాని మీద కంపెనీ పేరు సగమే మిగిలింది.

కింద హైల్ అల్ కర్మ్.
మెట్లు మెట్లుగ ద్రాక్ష పందిర్లు,
రాతి కాలువల నీళ్ళు, ఇంటికింత వంతు.
"మా ద్రాక్ష ఎండి కిస్‌మిస్ అయితది,
పులిసి ఇంకేదీ కాదు"
అని నవ్వుతడు ఖల్ఫాన్.
నేను కల్లు గీసే ఇంటోన్ని.
పులవని తీపిని చూస్తే
నాకు ఇప్పటికీ కొంచెం జాలి.

ఖల్ఫాన్ ఎగిరేటోడు. నేను కట్టేటోన్ని.
తొడలకు రెండు పట్టీలు, ఛాతికి ఒకటి.
కొక్కెం పడ్డదా లేదా చెవితోని వింట:
టక్కుమనాలె. టిక్కుమంటె మళ్ళ ఇప్పుత.
దారాలు ఒక్కొక్కటి వేళ్ళ సందుల జారవిడుస్త,
పీచు లేసిందా, ముడివడ్డదా, ఇసుక ఇరికిందా.
ఇది నాకు మస్కట్ల ఎవరూ నేర్పలే.
మా పెదనాయిన తాడెక్కే ముందు
మోకును మూతి కాడికి తెచ్చుకొని వాసన చూసేటోడు,
తడి తాకిన మోకు మాట తప్పుతదని.
ముస్తాదు ఏసుకొని, కాళ్ళు నేల మీదుండంగనే
ఒక్కపారి వెనక్కి వాలి
తన బరువు తనే తూచుకునేటోడు.

ఇక్కడ కూడ, ఎవరొచ్చినా
ముందు నా దిక్కు వాలుమంట.
నవ్వుతరు. వాలుతరు.

మొన్న శుక్రవారం మారిసెల్ వచ్చింది.
మస్కట్ దవాఖానల రాత్రి డ్యూటీ నర్సు.
ఎనిమిది నెలలు పైసలు దాసుకున్నదట,
నలభయ్యో పుట్టినరోజుకు
తనకు తనే ఇచ్చుకునే కానుక.
బరువు అడిగితే రెండు కిలోలు తక్కువ జెప్పింది.
నేను మూడు కలిపి రాసుకున్న.

తొమ్మిదింటికి పీలిక మంచిగనే ఉండె,
లోయల నుంచి మొఖానికి గాలి.
తొమ్మిదిన్నరకు ఆడుడు ఆపింది.
ఆగిన గాలిని నేను నమ్మ.
అది ఏదో యాది చేసుకుంటుంటది.
కింద వాదీల సుడి ఒకటి లేచి
ప్లాస్టిక్ సంచిని పందిర్ల మీదికెత్తి ఇడిసిపెట్టింది.
గంతే. తర్వాత పీలిక తిరిగింది,
వీపు దిక్కు నుంచి.

వీపు మీద చెయ్యేసే గాలి దోస్తు గాదు.
గుట్ట దాటి కిందికి ఉరికి
రెక్కను పిండిన బట్ట లెక్క చేస్తది.

రెక్క అప్పటికే పరిచి ఉండె, ఎర్రగ.
ఆమె పట్టీలల్ల, ఖల్ఫాన్ ఆమె వెనుక.
ఖల్ఫాన్ నన్ను చూసిండు.
నేను పీలికను చూసిన.
"పది నిమిషాలు ఆగుదాం" అన్నడు.
ఇరవై ఆగినం. నలభై.
అప్పుడు నేనే కొక్కెం ఇప్పిన, అడగకుండనే.

మారిసెల్ తిట్టలే. తిడితే బాగుండు.
లోయను చాన సేపు చూసి
తన వంకర హిందీల అన్నది:
"మానిటర్ మీద గీత మంచిగున్నా
ఒక్కోపారి డాక్టర్ను లేపుత.
ఎందుకో చెప్పరాదు."

మేకల బాటన నడిచి దిగినం,
రెక్క నా వీపు మీద మూట.
నడుమల, పందిరి కింద, సాలిం ముసలాయన
ఎండబెట్టే గుత్తుల నుంచి మాకు రెండు తీసి ఇచ్చిండు.
ఆమె గింజలు ఊంచుకుంట నడిచింది.
కొత్త బూట్లు మడమ కొరికితే
సంచిల నుంచి తనే ప్లాస్టర్ తీసి అంటించుకున్నది.
ఇంకోటి నాకిచ్చింది.
దారం కోసిన నా వేలు
ఎప్పుడు చూసిందో.

రాత్రి గదిల రిజిస్టర్ రాసిన.
ఎగిరినోళ్ళు: సున్న.
దిగినోళ్ళు: ముగ్గురు.
ఖల్ఫాన్ చదివి, రెండో లైను కొట్టెయ్యబోయి, ఆగి,
పక్కన అరబ్బీల రాసిండు: కాలినడకన.

నా వంతు గుత్తి కిటికీల గిన్నెల పెట్టి మరిచిన.
మూడోనాడు వాసన మారింది.
ఖల్ఫాన్‌కు చెప్పలే.
పారెయ్యలే కూడ.