సగం మీద సగం

కీత్లీలో వాన. షెడ్డులో కిరోసిన్ వాసన.
పాత టేపు ఊడదీస్తే
కింద ఇంకో టేపు, దాని కిందా ఒకటి.
ఎరుపు, నీలం, చివరికి రంగే తెలీనిది.
అదొక్కటే ఎడమకి తిరిగింది.
"పుర్రచేతివాడెవడో," అన్నాడు విల్ఫ్రెడ్
కళ్లజోడు నుదుటికెత్తి.

హ్యాండిల్ కొసన కొత్త నూలుటేపు మొదలెట్టాను.
సగం మీద సగం.
వంపులో లోపలంతా ముడతలు, బయట సందులు.
బ్రేకు దగ్గర రెండుసార్లు విప్పాను.
"లాగు. ఇంకా లాగు."
జడ బిగిస్తుంటే మా పిన్ని మీద
నేనెన్ని కేకలేసేదాన్నో!
ఈ ఇనుము కిక్కురుమనదు.

లక్కపూత రెండోది ఆరేసరికి
తెల్లనూలు బెల్లంపాకమైంది.
అప్పుడు చూసుకున్నా,
నేనూ ఎడమకే చుట్టాను.

విప్పమంటాడేమోనని విల్ఫ్రెడ్ వైపు చూశా.
టీకి నీళ్లు పెట్టడానికి లేచాడు.